పోత ఇనుము చల్లారేదాకా

ఫిబ్రవరి 2

చెల్లికి,

నీ మొగుడు నేను అతికిన మానిఫోల్డు విప్పి పారేసి, బజార్లో కొన్నది తెచ్చి బిగించుకున్నాడు. నాకు ఒక్క మాట చెప్పలేదు. పద్నాలుగేళ్లయింది. నేను మర్చిపోయి ఉంటానని నువ్వు అనుకోవచ్చు, అందుకే ఇది ముందు రాస్తున్నాను. మర్చిపోలేదు.

అతికిన పది రోజులకి, కారు ఎలా నడుస్తోందో చూద్దామని వచ్చాను. బానెట్ ఎత్తితే నా పని ఉండాల్సిన చోట నిగనిగలాడే కొత్త ముక్క ఉంది. ఇంజను పొగ నాలుగు నోళ్లతో తాగి ఒక గొట్టంలోకి వదిలే ఇనుము అది. దాన్ని అతకడానికి నాకు ఒక పగలంతా పట్టింది. "ఇదేంటి బావా?" అని అడిగాను. ఆ పెద్దమనిషి చేతులు తుడుచుకుంటూ "మార్చాల్సొచ్చింది, మార్చాను" అన్నాడు. అంతే. ఎందుకో చెప్పలేదు. నాది ఎక్కడ పడేశాడో చెప్పలేదు. నువ్వు వంటింటి గుమ్మంలో నిలబడి నేల చూస్తున్నావు. ముప్పై ఏళ్లలో నా చేతి పనికి వంక పెట్టినవాడు లేడు. ఆ రోజు నీ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టకుండా వచ్చేశాను.

ఇప్పుడు నీ ఉత్తరం వచ్చింది. ఇన్నేళ్లకి చెల్లెలు రాసింది, ఏముందో అని కళ్లద్దాలు తుడుచుకుని మరీ విప్పాను. "ఎలా ఉన్నావు అన్నయ్యా" అని ఒక లైను. ఇంట్లో బోల్టులకి జింకు పూత ఎలా పెట్టుకోవాలని పదకొండు లైన్లు. లెక్కపెట్టాను.

అడిగావు కాబట్టి చెప్తాను. చెప్పకపోతే నీ ఇష్టం వచ్చినట్టు చేసి ఇల్లు తగలబెట్టుకుంటావు. ముందు తుప్పు వదిలించు. ఇనుము తెల్లబడే దాకా వైరు బ్రష్షుతో రుద్దు. తర్వాత వేలితో తాకకు, వేలి జిడ్డు అంటిన చోట పూత పట్టదు. వెనిగర్లో మందుల షాపులో దొరికే ఎప్సమ్ ఉప్పు కలుపు. కొంచెం పంచదార వెయ్యి. పంచదార దేనికని అడగకు. బ్యాటరీ చార్జరు ప్లస్ వైరుకి జింకు పలక కట్టు, మైనస్ వైరుకి బోల్టు కట్టు. అటూ ఇటూ అయిందంటే పూత పట్టకపోగా బోల్టే అరుగుతుంది. కరెంటు తక్కువ పెట్టు. తొందరపడి పెంచితే అంచులు మాడి నల్లబడతాయి. ఇదంతా వంటింట్లో చేయకు. తలుపులూ కిటికీలూ తీసి పెట్టు.

ఫోన్ చేయొద్దు. గ్రైండరు నా చెవులు రెండూ తినేసింది. నాది నాలుగో తరగతి చదువు, ఈ కాగితానికి రెండు పూటలు పట్టింది. అక్షరాలు వంకరగా ఉన్నాయని నవ్వుకుంటే నవ్వుకో.

ఇంతకీ ఆ కారుతో నీకేం పని? ఆయన పోయి మూడేళ్లయింది. నీకు డ్రైవింగు కూడా రాదు.

కోపం తగ్గని
నీ అన్న


ఫిబ్రవరి 11

అన్నయ్యకి నమస్కారాలు,

నీ అక్షరాలు చూసి నవ్వలేదు. "పంచదార దేనికని అడగకు" దగ్గర మాత్రం నవ్వొచ్చింది. నాకు సైకిలు నేర్పేటప్పుడు కూడా ఇలాగే అనేవాడివి. "బ్రేకు ఎక్కడని అడగకు, ముందు తొక్కు" అన్నావు. గోడకి గుద్దుకున్నాక చూపించావు బ్రేకు.

నాకు డ్రైవింగు వచ్చు. ఆయన పోయే ముందు ఏడాది కూర్చోబెట్టి నేర్పారు. నువ్వు ఇటువైపు రాలేదు కాబట్టి నీకు తెలియదు.

కారుతో ఏం పని అని అడిగావు. కారు పెట్టిన షెడ్డు ఉన్న స్థలం అమ్ముడైపోయింది. ఏప్రిల్ ముప్పై లోపల ఖాళీ చేయాలి. నేను కుట్టుమిషన్లు పెట్టుకున్న గదుల పక్కన ఒక బండి పట్టే చోటుంది. ఆ ఇంటివాడు "నడిచే బండి అయితే పెట్టుకోండమ్మా, తుక్కు అయితే కుదరదు" అన్నాడు. అంటే ఏప్రిల్ ముప్పైకి అది తనంతట తాను గేటు దాటాలి. దాటకపోతే తుక్కువాడు వచ్చి నాలుగు ముక్కలు కోసి పట్టుకెళతాడు. వాడితో మాట్లాడి ఉంచాను. ఆయన ఇరవై రెండేళ్లు నడిపిన బండి, అన్నయ్యా. స్టీరింగు మీద ఆయన బొటనవేలు ఆనే చోట రంగు పోయి ఉంది. దాన్ని కోస్తుంటే చూడలేను.

సీట్లు నేనే కుట్టేశాను. పదహారేళ్ల వయసు నుంచి జాకెట్లు కుట్టినదాన్ని, సీటు ఎంత పని! ఎదురు వీధి మెకానిక్కు ఇంజను తిప్పి చూసి ప్రాణం ఉందన్నాడు. మిగిలినవి బ్రేకులు, చక్రాలు, పొగగొట్టాలు. బోల్టులన్నీ తుప్పు పట్టాయి. ఒక్కోటీ తీసి పూత పెడుతున్నాను.

మొదటి బోల్టు నువ్వన్నట్టే మాడింది. రెండోది మసిబారినట్టు వచ్చింది. మూడోది చూడు, కాగితంలో చుట్టి పంపుతున్నాను. చక్రానికి బిగించేది. నీకు చూపించాలనిపించింది. జింకు పలక అరిగిపోతే ఒక పూట స్టీలు గరిటె కట్టాను, అదీ లోహమే కదా అని. పూత అంతగా రాలేదు కానీ నీళ్లు లేత పసుపు రంగుకి తిరిగాయి. చూడ్డానికి అందంగానే ఉన్నాయి.

మానిఫోల్డు సంగతి రాశావు. దాని గురించి రాయడానికి నాలుగుసార్లు కాగితం తీశాను. ఇంకోసారి రాస్తాను.

నీ చెల్లెలు


ఫిబ్రవరి 17

చెల్లీ,

ఈ ఉత్తరం చదవడం ఆపి, ముందు వెళ్లి ఆ పసుపు నీళ్లు ఎక్కడున్నాయో చూడు. మొక్కలకి పోయలేదు కదా? తూములో పారబోయలేదు కదా? చేతులకి తొడుగులు వేసుకుని, మూత గట్టిగా బిగిసే సీసాలో పోసి, పైన "విషం" అని రాయి. పాత బ్యాటరీల యాసిడ్ తీసుకునే చోటు ఉంటుంది, అక్కడ ఇచ్చిరా. ఆ గరిటె పారెయ్యి. కడిగి మళ్లీ కూరలో పెట్టావంటే నేను ఊరుకోను.

అందంగా ఉన్నాయట! స్టీల్లో క్రోమియం ఉంటుంది. ప్లస్ వైరుకి కడితే అది నీళ్లలోకి దిగుతుంది. ముప్పై ఒక్క ఏళ్లు పూతల కార్ఖానాలో ఆ రంగు నీళ్ల తొట్ల పక్కన నిలబడ్డాను నేను. నా ముక్కు మధ్య గోడకి చిల్లుంది. డాక్టరు ఇటు లైటు వేస్తే అటు కనిపిస్తుంది. నాకు పూలూ పెట్రోలూ ఒకటే వాసన, అంటే ఏ వాసనా లేదు. నువ్వు గరిటె కట్టి ముచ్చట పడుతున్నావు.

ఇక నీ బోల్టు. అందింది. పెళ్లికి ముస్తాబైనట్టుంది. వైసులో బిగించి సుత్తితో ఒక్కటిచ్చాను. టక్కుమని విరిగింది. వంగను కూడా వంగలేదు. ముక్కలు ఇందులోనే పెట్టాను, నువ్వే చూసుకో.

చక్రం బోల్టు మామూలు ఇనుము కాదు, గట్టిపరిచిన ఉక్కు. పూత పెట్టేటప్పుడు తొట్లో బుడగలు లేస్తాయి చూశావా, ఆ గాలి ఉక్కులోకి దూరుతుంది. దూరి కూర్చుని లోపల్నించి పెళుసు చేస్తుంది. పైకి ఏమీ తెలియదు. అందుకే తొట్లోంచి తీసిన రెండు మూడు గంటల్లోపే ఓవెన్లో పెట్టాలి. రెండు వందల డిగ్రీల వేడి, నాలుగు గంటలు. నువ్వు పెట్టలేదు. ఇలాంటి బోల్టులు బిగించుకుని రోడ్డెక్కితే చక్రం నీకంటే ముందు ఇల్లు చేరుతుంది.

ఇది నాకు ఎందుకు పంపావో నాకు తెలుసు. "చూశావా, నీ అవసరం లేకుండా చేసుకున్నాను" అని చెప్పడానికి. మొగుడు నా పని తీసి పారేశాడు, పెళ్లాం తన పని మెరిపించి పంపింది. బాగుంది వరస. చిన్నప్పుడు ఇలా ఉండేదానివి కాదు. ఒక్కసారి చెప్తే చాలు, మళ్లీ అడగకుండా చెప్పింది చెప్పినట్టు చేసేదానివి.

ఇంకోటి. పొగగొట్టం ముక్కలకి జింకు పూత పెట్టకు. అక్కడి వేడికి అది నిలవదు. దాని మీద ఎవడైనా వెల్డింగ్ మంట పెడితే తెల్ల పొగ లేస్తుంది, పీల్చినవాడికి సాయంత్రానికి చలి జ్వరం వస్తుంది. నాకు మూడుసార్లు వచ్చింది.

ఇంకోసారి రాస్తాను అన్నావు. ఏం రాస్తావు? "మార్చాల్సొచ్చింది, మార్చాం" అనేగా?

నీ అన్న


ఫిబ్రవరి 25

అన్నయ్యా,

పద్నాలుగేళ్లలో నువ్వు నాకు పంపిన మొదటి వస్తువు రెండు ముక్కలైన బోల్టు. టేబులు మీద పెట్టుకుని చాలాసేపు చూశాను. నేను పంపింది గొప్ప చూపించడానికి కాదు. ఒకసారి మూడో తరగతి చదివేటప్పుడు బటన్ కుట్టి నీకు చూపిస్తే, లాగి చూసి, "ఊడలేదు" అని తల మీద చెయ్యి పెట్టావు. అలాంటిదేదో ఆశపడ్డాను. అరవై ఒక్క ఏళ్ల ముసలిదానికి ఈ ఆశేంటని నవ్వుకో.

పసుపు నీళ్లు సీసాలో పోశాను. మొక్కలకి పోయలేదు. గరిటె పోయింది. మిగిలిన బోల్టులన్నీ మళ్లీ పూత పెట్టి, గంట కూడా ఆగకుండా ఓవెన్లో పెట్టి, నాలుగు గంటలు పక్కనే కూర్చున్నాను. ఒకదాన్ని మెకానిక్కు వైసులో బిగించి నేనే కొట్టాను. వంగింది. విరగలేదు. "అమ్మగారూ, మీ చెయ్యి వణకదేంటండీ" అన్నాడు. నలభై అయిదేళ్లు సూదిలో దారం ఎక్కించిన చెయ్యి అని చెప్పాను.

ఇప్పుడు అసలు సంగతి. నీకు కోపం తెప్పించిన ఆ కొత్త మానిఫోల్డు పనికిరాకుండా పోయింది. పొరలు పొరలుగా రాలుతోంది. మెకానిక్కు చిల్లులో వేలు దూర్చి చూపించాడు. ఈ మోడలుకి ఇప్పుడు ఎక్కడా దొరకదన్నాడు.

షెడ్డు ఖాళీ చేస్తుంటే బల్ల కింద, రంగు డబ్బాల వెనకాల గోనెసంచిలో చుట్టి ఒకటి కనిపించింది. విప్పితే నువ్వు అతికినదే. ఆయన పారేశారనే నేనూ అనుకున్నాను ఇన్నాళ్లూ. నూనె రాసి ఉంది, ఒక్క చోట తుప్పు లేదు. వెనక పసుపు రంగుతో "బావమరిది పని. పారేయొద్దు" అని ఆయన రాత.

కానీ నీ అతుకు పగిలి ఉంది. మూడో నోటి దగ్గర మొదలై అంచు వైపుగా వెంట్రుక లాంటి గీత. ఆ గీతకి రెండు చివర్లా అగ్గిపుల్ల పట్టేంత రంధ్రాలున్నాయి. అవి నువ్వు వేసినవేనా? దీన్ని మళ్లీ అతకొచ్చా? మెకానిక్కు ఇత్తడి పోసి అతికిస్తానంటున్నాడు. ఏప్రిల్ ముప్పైకి ఎన్నో రోజులు లేవు.

చెల్లెలు


మార్చి 3

చెల్లీ,

నా అతుకు పగలదు.

మళ్లీ రాస్తున్నాను. నా అతుకు పగలదు. ఆ రోజు ఏం చేశానో చెప్తాను విను. పగులుని వి ఆకారంలో గీకాను. బొగ్గుల కుంపటి మీద ముక్క మొత్తాన్ని మసక ఎరుపు వచ్చే దాకా కాల్చాను. నికెలు వెల్డింగ్ రాడ్డుతో అంగుళం అతుకు వేసి ఆపాను, వేడిగా ఉన్నప్పుడే చిన్న సుత్తితో చిటచిట కొట్టాను, మళ్లీ అంగుళం వేశాను. పోత ఇనుము మొండిది. తొందరపడితే ఒప్పుకోదు. చివర్లో మీ పెరట్లో ఉన్న డబ్బాలో, పొడి బూడిద నిండా పోసి, దాని మధ్యలో పాతిపెట్టాను. మెల్లగా, తెల్లారే దాకా చల్లారాలి. గాలి తగలకూడదు. నీ మొగుడి భుజం మీద చెయ్యి వేసి చెప్పాను, "బావా, రేపు పొద్దున దాకా దీన్ని ముట్టుకోవద్దు" అని. తల ఊపాడు. నేను బస్సుకి టైమైపోతోందని బయల్దేరాను.

ఇప్పుడు నాకు సరిగ్గా చూసి చెప్పు. పగులు నా అతుకు మీదుగా పోయిందా, అతుకు పక్కనించి పోయిందా? పక్కనించి అయితే, ఇనుము వేడిగా ఉండగానే నీళ్లు తగిలాయి. నా కళ్లతో చూడక్కర్లేదు. పోత ఇనుము తనంతట తాను అలా పగలదు. ఎవరో నీళ్లు కొట్టారు.

ఎవరో ఏంటి? ఇంకెవరు? ఆయనకి మర్నాడు పొద్దున్నే కారు కావాలి. చల్లారే దాకా ఆగలేక బయటికి లాగి నీళ్లు పోసి ఉంటాడు. పగిలింది. పగిలితే, "తప్పు నాది బావమరిదీ" అనాలి మగాడైతే. దాచిపెట్టి, కొత్తది బిగించి, "మార్చాల్సొచ్చింది" అంటాడా? నేనే చేతకానివాడిలా ఇన్నేళ్లు నిద్రలో కూడా ఆ అతుకే వేసుకున్నాను. ఎక్కడ తప్పు చేశానా అని. వేడి చాలలేదా, రాడ్డు మంచిది కాదా అని. డెబ్బై మూడేళ్లు వచ్చాయి. ఆ ముక్క మీద నాకున్న అనుమానంతోనే చచ్చిపోయేవాణ్ణి.

ఆ రంధ్రాలు నేను వేయలేదు. ఎలా వేస్తాను, అది పగిలిందని నాకు తెలియనే తెలియదు కదా! ఎవరు వేశారో నువ్వే చెప్పు.

ఇత్తడి పోస్తానన్నవాణ్ణి షెడ్డు గడప తొక్కనివ్వకు. అక్కడి వేడి రోజుల తరబడి తింటే ఇత్తడి నిలవదు. ఒకసారి ఇత్తడి అంటుకుందంటే ఇక నికెలు పట్టదు, ముక్క పోయినట్టే.

పక్కనించా, మీదుగానా? అది రాయి.

అన్న


మార్చి 12

అన్నయ్యా,

పక్కనించి. నీ అతుకు అలాగే ఉంది. నీ అతుకు పగలలేదు. "నీ అతుకు పగిలి ఉంది" అని తెలియక రాశాను.

నీళ్లు పోసింది ఆయన కాదు. నేను.

ఇది రాయడానికే నాలుగుసార్లు కాగితం తీశాను. ఇప్పుడు ఆపకుండా రాసేస్తాను, మధ్యలో తిట్టకు.

నాకు ఏడేళ్లున్నప్పుడు అమ్మ నీళ్లు చల్లకుండా వదిలేసిన పొయ్యి బూడిద నుంచి మన పెరట్లో చెక్క షెడ్డు అంటుకుంది. నా మోచేతి మీద మచ్చ అప్పటిదే. మర్నాటి నుంచి రోజూ సాయంత్రం నువ్వు నా చేతికి చిన్న బకెట్టు ఇచ్చి బూడిద గుంట దగ్గరికి తీసుకెళ్లేవాడివి. "చెయ్యి దగ్గర పెట్టి చూడు. వెచ్చగా ఉంటే నీళ్లు పొయ్యి. ఎవర్నీ అడగకు" అనేవాడివి. ఏళ్ల తరబడి చేయించావు. పెళ్లయి వచ్చాక కూడా నేను మానలేదు. ఇప్పటికీ మానలేదు.

ఆ రోజు నేను కుట్టుపని ముగించుకుని వచ్చేసరికి నువ్వు వెళ్లిపోయావు. ఆయన కారు కింద పడుకుని ఏదో బిగిస్తున్నారు. దీపాలు పెట్టే వేళ, పెరట్లోకి వెళ్తే డబ్బా నిండా బూడిద. చెయ్యి పెడితే మండుతోంది. పక్కనే చెక్క తలుపు. లోపల ఇనుముందని నాకు తెలియదు. నువ్వు ఆయనకి చెప్పావు, నాకు చెప్పలేదు. ఆయనా చెప్పలేదు. నేను ఎవర్నీ అడగలేదు. రెండు బకెట్లు పోశాను.

లోపల "టప్" మంది. ఆయన పరిగెత్తుకొచ్చారు. డబ్బాలోంచి ఆవిరి లేస్తోంది. నా వైపు చూశారు, బకెట్టు వైపు చూశారు.

నేను ఏడ్చాను. అన్నయ్యకి ఫోన్ చేసి చెప్పేస్తానన్నాను. ఆయన వద్దన్నారు. "మీ అన్న కోపం నీకు తెలుసు. నా మీద కోపమైతే బావ మీద కోపం, ఎన్నాళ్లున్నా ఫర్వాలేదు. నీ మీద కోపమైతే నీకు పుట్టిల్లు ఉండదు. నీకున్న పుట్టిల్లు ఆ ఒక్క మనిషే" అన్నారు. నువ్వు వచ్చి బానెట్ ఎత్తినప్పుడు నేను నేల చూస్తూ నిలబడ్డది అందుకే. నాలుగు రోజుల్లో నీ కోపం పోతుందనుకున్నాం ఇద్దరం. తర్వాత ఎన్నాళ్లు గడిస్తే అంత చెప్పలేకపోయాను. నేను పిరికిదాన్ని.

ఆ రంధ్రాలు ఆయన వేసినవే అయి ఉంటాయి. నాకు తెలియదు. ఒక్కటి తెలుసు. ఆయన నీ ఇంటికి రెండుసార్లు వచ్చారు. రెండోసారి గోనెసంచి పట్టుకుని వెళ్లారు. "అది నా చెయ్యి జారి కింద పడి పగిలిందని చెప్పేస్తాను, మళ్లీ అతికి ఇమ్మంటాను" అన్నారు. సంచి అలాగే పట్టుకుని తిరిగొచ్చారు, ఆ తర్వాత పారేశారనుకున్నాను. నువ్వు తలుపు తీయలేదన్నారు.

తప్పు నాదని ఒప్పుకున్నాను. ఇప్పుడు నా కోపం కూడా విను. నువ్వు తలుపు తీయలేదు. ఆయన పోయినప్పుడు నువ్వు రాలేదు. కబురు పంపాను, అందిందని కూడా తెలుసు. జనమంతా వచ్చారు, ఎదురు వీధి మెకానిక్కు దుకాణం మూసి వచ్చాడు. "మీ వైపు వాళ్లెవరూ లేరా" అని అడిగితే లోపలికి వెళ్లి నిలబడ్డాను. ఒక ఇనుము ముక్క కోసం! దాన్ని నేను క్షమించలేదు. కాబట్టి నువ్వు నన్ను క్షమించకపోయినా నాకు ఫర్వాలేదు, లెక్క సరిపోతుంది.

ఇత్తడి వద్దని మెకానిక్కుకి చెప్పేశాను. ఇంకో దారి తెలియదు. ఏప్రిల్ ముప్పైకి తుక్కువాణ్ణి రమ్మన్నాను.

చెల్లెలు


మార్చి 20

చెల్లీ,

నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. మొదటి రోజు చించేద్దామనుకున్నాను. రెండో రోజు అన్నం తినలేదు. మూడో రోజు వెల్డింగ్ పెట్టె అటక మీంచి దింపాను.

నీ మీద కోపంగా ఉంది. పద్నాలుగేళ్లు నోట్లో మాట పెట్టుకుని కూర్చున్నావు. నా మీద నాకు కోపంగా ఉంది. "ఎవర్నీ అడగకు" అని పసిపిల్లకి నూరిపోసింది నేనే. మండే ఇనుముని నీ పెరట్లో పాతి, నీకు చెప్పకుండా బస్సెక్కిందీ నేనే. ఆడది వంటింట్లో ఉంటుందిలే, దానికి చెప్పేదేంటి అనుకున్నాను. అందరికంటే బావ మీద కోపంగా ఉంది. నీళ్లు పోసింది నువ్వు, పొయ్యమన్నది నేను, నోరు మూసుకుని ఇద్దరికీ పడాల్సిన తిట్లు తిన్నది ఆయన. ఇప్పుడు ఎదురుగా నిలబెట్టి అడుగుదామంటే లేడు. ఎవరు చెప్పారు ఆయనకి, నా కోపానికి అడ్డం నిలబడి నిన్ను కాయమని? నా కోపం మరీ అంత చెడ్డదా? చెడ్డదే అనుకో. ఆ సంగతి నాకు చెప్పాలి కదా ఎవరో ఒకరు.

ఆ రంధ్రాల సంగతి. పగులుకి రెండు చివర్లా చిన్న రంధ్రం వేస్తే అది అక్కడితో ఆగుతుంది, ఇంకా ముందుకి పాకదు. తర్వాత అతికేవాడికి పని తేలిక. ఆ పద్ధతి బావకి నేర్పింది నేనే. మీ పెళ్లయిన కొత్తలో, నీళ్ల పంపు పగిలినప్పుడు. పారేసే ముక్కకి ఎవడూ రంధ్రాలు వేయడు.

ఇంకో సంగతి. బావ రెండోసారి వచ్చినప్పుడు నేను ఇంట్లోనే ఉన్నాను. కిటికీ తెర పక్కనించి చూశాను. చేతిలో గోనెసంచి ఉంది, బరువుకి భుజం ఒకవైపు వాలింది. ఏదో పండో ఫలమో తెచ్చి సర్దిచెప్పడానికి వచ్చాడనుకున్నాను. పావుగంట నిలబడ్డాడు. సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. నేను తెర వెనక అలాగే ఉన్నాను. ఆ సంచిలో ఉన్నది నా పనే అని ఇప్పుడు నువ్వు రాస్తే తెలిసింది.

ఆయన పోయినప్పుడు రాలేదన్నావు. వచ్చాను. కబురు అందగానే వచ్చాను. నీ వీధి చివర, చెప్పులు కుట్టేవాడి పెట్టె పక్కన నిలబడ్డాను. నీ గుమ్మం ముందు జనం కనిపించారు. ఏ ముఖం పెట్టుకుని లోపలికి వెళ్లాలో తెలియలేదు. ఏమని వెళ్లాలి? ఇన్నేళ్లు నేను పలకరించని మనిషిని చూడ్డానికి వచ్చానని చెప్పనా? గంటసేపు నిలబడి తిరుగు బస్సెక్కాను. నన్ను తిట్టుకో. తిట్టుకోవడానికి ఇది కూడా కలుపుకో.

ఇప్పుడు పని. తుక్కువాణ్ణి రావద్దని చెప్పు. మానిఫోల్డుని నూనె పోయే దాకా కిరసనాయిలుతో కడిగి ఎండబెట్టు. జింకు నీళ్ల దగ్గర పెట్టకు. ఇంజనుకి ఆనే ముఖం వంకర పోకుండా మందపాటి ఇనుప పలకకి బిగించి చేయాలి, ఆ పలక మెకానిక్కు దగ్గర తీసుకో. బొగ్గులు రెండు బస్తాలు కావాలి. పొడి బూడిద ఒక డబ్బా నిండా. ఇంట్లో ఉన్న బకెట్లన్నీ ఒక గదిలో పెట్టి తాళం వేసి, తాళంచెవి నాకివ్వు. ఇది నవ్వులాట కాదు.

ఇది రాయడం నాకు ఇష్టం లేదు, కానీ రాయాలి. నా చెయ్యి వణుకుతోంది. రెండేళ్లుగా. అన్నం ముద్ద నోటికి చేరే లోపల సగం రాలిపోతోంది. రాడ్డు పట్టుకుంటే నిలవదు. ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఈ ఉత్తరం కూడా ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉన్నది నాలుగో తరగతి చదువు వల్ల మాత్రమే కాదు. కాబట్టి అతుకు నువ్వే వేస్తావు. ముందు పనికిరాని ఇనుము మీద వారం రోజులు వేయిస్తాను. కుట్టులాంటిదే, అంగుళం వేసి ఆగడం. నేను పక్కన నిలబడి తిడతాను. తొందరపడితే తిడతాను, ఆగితే తిడతాను. పడాలి. ఆ తర్వాత బూడిదలో పాతి, తెల్లారే దాకా డబ్బా పక్కన నేనే కుర్చీ వేసుకుని కూర్చుంటాను. ఎవర్నీ నమ్మను.

పద్నాలుగేళ్ల కింద మంచినీళ్లు ముట్టకుండా దాటిన గుమ్మం అది. దాన్ని మళ్లీ దాటొచ్చా లేదా అని అడుగుతున్నాను. నా పని అవసరమా అని కాదు. నేను రావచ్చా అని. పెద్ద ఉత్తరం రాయకు, ఓదార్పులు రాయకు, నాకు చదవడానికి రెండు పూటలు పడుతుంది. ఒక కార్డు మీద ఒకే మాట రాయి, రా అనో, వద్దు అనో.

ఏప్రిల్ నాలుగో తేదీ లోపల నా చేతికి అందాలి, లేదంటే ముప్పైకి బండి గేటు దాటదు. అయిదు కాదు. నాలుగు.

నీ అన్న